జబ్బు మొహంలో... మూలం ఛాతీలో!

తనకల్లులో కదిరి బస్సు కోసం నిలబడ్డ ఓ రైతును ఊహించుకుందాం. వయసు ముప్పై రెండు. పోయిన ఏడాది దాకా వేరుసెనగ మూటను ఒక్కడే ఎత్తి ట్రాక్టరులో వేసిన మనిషి. ఇప్పుడు బస్సు మెట్టెక్కాలంటే కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి. కింద కూర్చుంటే నేలకు చెయ్యి ఆనించకుండా లేవలేడు. మొహం ఉబ్బింది. కాళ్లకు నీరు పట్టింది. చెయ్యి ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోతోంది. ఒంటి రంగు మారింది. ఎండలో తిరిగే మనిషికి అదేమంత వింత కాదు కదా అనుకోవచ్చు. కానీ ఇది ఎండ నలుపు కాదు. అరచేతి గీతల్లో నలుపు, చిగుళ్ల మీద నలుపు. ఎండ అక్కడిదాకా పోదు.

ఎదురైన వాళ్లు ‘ఏమప్పా, మొగమంతా ఇట్లా ఉబ్బింది? నల్లగ గూడా అయినావే!’ అని పలకరిస్తారు. పక్కకు పోయాక ‘తాగుడు మొదలుపెట్టినట్టుండాడు’ అనుకుంటారు. రాత్రిళ్లు నిద్ర లేదు, చీటికీ మాటికీ కోపం. ఇంట్లోవాళ్లకు అదో దిగులు. ఆసుపత్రిలో చూస్తే బీపీ ఉంది, షుగరూ ఉంది. రెంటికీ మాత్రలు రాసిచ్చారు. నెల తిరిగినా రెండూ దిగలేదు. మాత్రలు పెంచారు. అయినా దిగలేదు.

ఈ రైతు కల్పితమే. ఆయనకు వచ్చిన కష్టం మాత్రం కల్పితం కాదు. తనకల్లు నుంచి మదనపల్లె, చిత్తూరు మీదుగా వెళితే వేలూరు వస్తుంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పెద్ద జబ్బులు వచ్చినప్పుడు వెళ్లడం రాయలసీమ వాళ్లకు ఏనాటి నుంచో అలవాటు. ఆ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరకు పదేళ్లలో వచ్చిన ఇలాంటి రోగుల వివరాలను 2017లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. పదేళ్లకు కలిపి 21 మంది. దాదాపు అందరికీ కండరాల నీరసం. నూటికి తొంభై మందికి ఒళ్లు నల్లబడటం. వారిలో ఏడుగురికి జబ్బు మూలం ఎక్కడ దొరికిందో తెలుసా? రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు ఉండే థైమస్ గ్రంథిలో!

ఉబ్బింది మొహం. పెరిగింది బీపీ, షుగరు. మారింది ఒంటి రంగు. వీటికీ ఛాతీలో ఉన్న గ్రంథికీ ఏమిటి సంబంధం?

థైమస్ అసలు పిల్లల గ్రంథి. రోగాలతో పోరాడే తెల్లరక్తకణాల్లో ‘టి’ కణాలని ఒక రకం ఉన్నాయి. అవి పుట్టేది ఎముకల మజ్జలోనైనా, ఎవరు శత్రువో ఎవరు సొంతవాళ్లో తెలుసుకునే చదువు మాత్రం థైమస్ లోనే. పసిబిడ్డ ఎక్స్‌రేలో ఈ గ్రంథి తెరచాపలా పెద్దగా కనిపిస్తుంది. యుక్తవయసు దాటాక కుదించుకుపోతూ, క్రమంగా కొవ్వుగా మారిపోతుంది. పెద్దయ్యాక దీంతో పెద్దగా పని లేదన్న ఉద్దేశంతో వైద్యశాస్త్రం కూడా చాలాకాలం దీన్ని పట్టించుకోలేదు. దీని అసలు ఉద్యోగం ఏమిటో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త 1961లో చెప్పేదాకా తెలియలేదు.

ఈ గ్రంథిలో హార్మోన్లు తయారుచేసే స్వభావం ఉన్న కణాలు కూడా అక్కడక్కడా కొన్ని ఉంటాయి. ఎప్పుడో ఒకరికి వాటి నుంచి గడ్డ పుడుతుంది. దాన్ని థైమిక్ కార్సినాయిడ్ అనీ, న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అనీ అంటారు. ఎంత అరుదంటే... అమెరికా క్యాన్సర్ లెక్కల ప్రకారం ఏడాదికి కోటి మందిలో సుమారు ఇద్దరికి వస్తుంది. అన్ని గడ్డలూ హార్మోన్లు చెయ్యవు. కొన్ని పెరిగి పెద్దవై, పక్కనున్న రక్తనాళాలను నొక్కి, దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి తెప్పించి బయటపడతాయి. కొన్నిటి ఆచూకీ వేరే పనికి ఎక్స్‌రే తీసినప్పుడు తెలుస్తుంది. హార్మోను చేసేవాటితోనే చిక్కు. వేరుసెనగ గింజంత ఉన్నప్పుడు కూడా అవి ఊళ్లోవాళ్లంతా గుర్తుపట్టేంతగా మనిషిని మార్చేయగలవు. తాము మాత్రం కనబడవు.

ఎలా మారుస్తాయో తెలియాలంటే ముందు మామూలుగా ఏం జరుగుతుందో చూడాలి. మెదడు కింద చిక్కుడు గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. బడిపుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నది ఇదే. అది ‘ఏసీటీహెచ్’ అనే హార్మోనును రక్తంలోకి పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు ఆ హార్మోను ఒక తాఖీదు. అది అందగానే అవి కార్టిసాల్ తయారుచేస్తాయి. కార్టిసాల్ సరిపడా తయారైతే ఆ సంగతి పిట్యూటరీకి తెలుస్తుంది, తాఖీదులు తగ్గిస్తుంది. తెల్లవారుజామున ఎక్కువ, అర్ధరాత్రి అతి తక్కువ... కార్టిసాల్‌కు రోజూ ఇదే లెక్క.

థైమస్ లోని గడ్డ దొంగ తాఖీదులు పంపుతుంది. అది తయారుచేసేదీ ఏసీటీహెచ్చే. అడ్రినల్ గ్రంథులకు అసలేదో నకిలీ ఏదో తెలియదు. వచ్చిన ప్రతిదానికీ కార్టిసాల్ పోస్తూనే ఉంటాయి. పగలూ రాత్రీ తేడా ఉండదు. పిట్యూటరీ తన వంతు ఏనాడో మానుకుని మౌనంగా ఉంటుంది. ఎక్కువైన కార్టిసాల్ కండను కరిగిస్తుంది, అందుకే తొడల్లో సత్తువ పోతుంది. రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఒంట్లో ఉప్పును నిలబెట్టి పొటాషియంను మూత్రంలో బయటకు తోసేస్తుంది. అందువల్లే లొంగని బీపీ, కాళ్ల వాపు, మరింత నీరసం. చర్మం పలచబడి కమిలిపోతుంది. నిద్ర పోతుంది, మనసు చెదురుతుంది. ఇక నలుపు సంగతి... అది కార్టిసాల్ పని కాదు. ఏసీటీహెచ్ మితిమీరితే చర్మంలోని రంగు కణాలనూ కదుపుతుంది. అరచేతి గీతల్లో నలుపుకు అదీ కారణం.

కార్టిసాల్ ఎక్కువైతే వచ్చే ఈ అవస్థకు కుషింగ్స్ సిండ్రోమ్ అని పేరు. అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1910లో మిన్నీ జి. అనే ఇరవై మూడేళ్ల యువతిని పరీక్షించి, 1912లో ఆమె గురించి రాశాడు. చాలామంది రోగుల వివరాలు కూడబెట్టి, దీనికి మూలం పిట్యూటరీలోని చిన్న గడ్డేనని 1932లో ప్రకటించాడు. ఎక్కువ మంది విషయంలో ఆయన చెప్పింది నిజం కూడా. తమాషా ఏమిటంటే, అంతకు ఏడాది ముందే, 1931లో, లేటన్, టర్న్‌బుల్, బ్రాటన్ అనే ముగ్గురు లండన్ వైద్యులు అచ్చం ఇవే లక్షణాలున్న వ్యక్తిలో థైమస్ క్యాన్సర్‌ను చూసి రాశారు. ఛాతీలో గడ్డ ఉంటే మొహం ఎందుకు ఉబ్బిందో చెప్పే దారి అప్పుడు లేదు. రక్తంలో హార్మోన్లను కొలిచే విద్య వచ్చాక గానీ, ‘వేరే చోటి గడ్డలు కూడా ఏసీటీహెచ్ తయారుచేస్తాయి’ అని 1960ల్లో గ్రాంట్ లిడిల్ బృందం తేల్చలేకపోయింది. రక్తంలో హార్మోన్లను కొలిచే ఒక పద్ధతికి గాను రోజలిన్ యాలో 1977లో నోబెల్ అందుకున్నారు. థైమస్ లో వచ్చే ఇలాంటి గడ్డలను మామూలు థైమోమాల నుంచి వేరుచేసి చూపింది రొసాయ్, హిగా అనే పాథాలజిస్టులు. అది 1972లో, ఎనిమిది కేసులతో. అంతవరకూ అన్నిటికీ ఒకటే పేరు.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును చూసినవాళ్లకు ఈ జబ్బు స్వభావం తేలిగ్గా అర్థమవుతుంది. ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ చెట్టు కింద నిలబడితే ప్రతి ఊడా ఒక మానులాగే కనిపిస్తుంది. ఏ బోదె నుంచి ఏది దిగిందో కొత్తవాళ్లు చెప్పలేరు. ఈ జబ్బులోనూ బీపీ ఒక డాక్టరుకు, షుగరు ఇంకొకరికి, నలుపు చర్మవైద్యులకు, కోపం మనోవైద్యులకు చేరతాయి. అందరూ తమకు కనిపించిన ఊడకు మందు రాస్తారు. తప్పు పట్టడానికీ లేదు. బీపీ, షుగరు ఉన్న ప్రతివాళ్లకూ ఇంత అరుదైన జబ్బు ఉందేమోనని వెతకడం మొదలుపెడితే ఆసుపత్రులు నడవవు. చూడాల్సింది కలయికను. చిన్న వయసు, లొంగని బీపీ, హఠాత్తుగా వచ్చిన షుగరు, తొడల్లో సత్తువ లేకపోవడం, కమిలే చర్మం, తక్కువ పొటాషియం... ఇవి ఒకే మనిషిలో, కొద్ది నెలల్లో కలిసొస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇక్కడే పుస్తకం చదివినవాళ్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. కుషింగ్స్ అనగానే పుస్తకంలో బొమ్మ గుర్తొస్తుంది. చంద్రబింబంలా మొహం, పెద్ద పొట్ట, సన్నని కాళ్లు, చర్మం మీద ఊదారంగు చారలు. పిట్యూటరీ గడ్డ ఏళ్ల తరబడి మెల్లగా చేసే పని అది. వేరే చోటి గడ్డలు చాలాసార్లు అంత ఓపిక పట్టవు. మనిషి లావెక్కే లోపే చిక్కిపోతాడు. వేలూరు లెక్కలో 21 మందిలో పొట్ట పెరిగినవాళ్లు ముగ్గురంటే ముగ్గురే! ‘ఇంత బక్కగా ఉన్నవాడికి కుషింగ్స్ ఏమిటి’ అని పక్కన పెట్టేస్తే, ప్రాణం మీదికి వచ్చేవాళ్లే మొదట తప్పిపోతారు.

అనుమానం వచ్చింది సరే. వెంటనే తల నుంచి కాళ్ల దాకా స్కాన్ తీయించేస్తే పోలా? ఇంటిల్లిపాదీ ముందు అడిగేది అదే. పొలం అమ్మైనా సరే, ఆ పెద్ద స్కానేదో తీయించేద్దాం అంటారు. ఈ జబ్బులో మాత్రం ముందు స్కాన్ తీస్తే దారి తప్పుతుంది. ఎందుకో కాసేపట్లో చూద్దాం. మొదటి పరీక్షకు యంత్రం కూడా అక్కర్లేదు. అది ఒక ప్రశ్న. ‘ఇన్నాళ్లూ ఏమేం మందులు వాడావు?’

కార్టిసాల్ లాంటి మందులే స్టెరాయిడ్లు. ఉబ్బిన మొహాల్లో అత్యధికం వాటివల్ల వచ్చినవే. మోకాళ్ల నొప్పులకని, ఉబ్బసానికని, ఒంట్లో బలానికని తీసుకునే పేరు లేని గోలీల్లో, పొడుల్లో, ఇంజెక్షన్లలో డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసలోన్ లాంటివి ఉండొచ్చు. తెల్లబడటానికని నెలల తరబడి పూసే కొన్ని క్రీముల్లోనూ ఉంటాయి. ‘నాటుమందే వాడినా’ అని చెప్పేవాళ్లకు అందులో ఏం కలిసిందో తెలియదు. అబద్ధం చెబుతున్నారని కాదు. అందుకని వాడిన ప్రతి చీటీ, ఖాళీ అట్టలు, పొట్లంలో మిగిలిన పొడి కూడా సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. డెక్సామెథాసోన్ లాంటివి వాడేవాళ్లలో మొహం ఉబ్బి ఉన్నా, రక్తంలో సొంత కార్టిసాల్, ఏసీటీహెచ్ రెండూ తక్కువే ఉంటాయి. డాక్టరుకు ఆ ఒక్క సంగతీ చాలు. ఇంకో మాట. స్టెరాయిడ్ అని తెలియగానే భయపడి, వాటిని ఒక్కసారిగా మానేయకూడదు. అడ్రినల్ గ్రంథులు అప్పటికే నిద్రలో ఉంటాయి. బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

మందుల సంగతి కాదని తేలితే, కార్టిసాల్ నిజంగా ఎక్కువుందా అన్నది రెండో మెట్టు. ఉదయం ఒకసారి రక్తం తీసి చూస్తే చాలదు. ఉదయాన అందరికీ ఎక్కువే. చూడాల్సింది తగ్గాల్సినప్పుడు తగ్గుతోందా అని. రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి, పొద్దున ఎనిమిదింటికి రక్తం తీస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాముల లోపుకు దిగిపోవాలి. దిగకపోతే అనుమానం బలపడుతుంది. అర్ధరాత్రి ఉమ్మిలో కార్టిసాల్ చూడటం మరో పద్ధతి. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి కొలవడం ఇంకొకటి. చెప్పడానికి తేలికే. చేలో ఉన్నప్పుడు మర్చిపోయి ఒక్కసారి బయట పోశామా, లెక్క తప్పినట్టే. పొద్దున లేవగానే మొదటిసారిది పారబోసి, అప్పటి నుంచి మర్నాడు అదే వేళ దాకా అంతా, మర్నాడు పొద్దున్నదాంతో సహా, డబ్బాలో పట్టాలి. తప్పిపోతే తప్పిపోయిందని చెప్పేస్తే మళ్లీ పట్టిస్తారు.

క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతున్నవాళ్లలో డెక్సామెథాసోన్ పరీక్ష మోసం చేస్తుంది. ఆ మందులు డెక్సామెథాసోన్‌ను కాలేయంలో త్వరగా కరిగించేస్తాయి. జబ్బు లేకపోయినా కార్టిసాల్ దిగదు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా రక్తంలో కార్టిసాల్ లెక్కను ఎక్కువ చేసి చూపిస్తాయి. మళ్లీ అదే ప్రశ్న... ఏమేం మందులు వాడుతున్నారు?

మూడో మెట్టు ఏసీటీహెచ్. కార్టిసాల్ ఎక్కువుండి ఏసీటీహెచ్ అడుగంటితే మూలం అడ్రినల్ గ్రంథిలోనే. కార్టిసాల్‌తో పాటు ఏసీటీహెచ్ కూడా తగ్గకుండా ఉందంటే ఎక్కడి నుంచో తాఖీదులు వస్తున్నట్టే. ఇంత ముఖ్యమైన పరీక్షను ఒక మంచుగడ్డ తారుమారు చేయగలదు! ఏసీటీహెచ్ చాలా సుకుమారం. మామూలు వేడిలో ఉంటే రక్తం సీసాలోనే విరిగిపోతుంది. తీసిన వెంటనే సీసాను మంచులో పెట్టాలి, చల్లగానే యంత్రంలో తిప్పి ద్రవాన్ని వేరుచేయాలి, గడ్డకట్టించి పంపాలి. వేసవిలో తనకల్లులోనో కదిరిలోనో తీసిన రక్తం మామూలు పెట్టెలో బస్సెక్కి బెంగళూరు చేరిందనుకోండి. అక్కడి యంత్రం ఎంత ఖరీదైనదైనా, ఉన్నది పోయాక ఏం కొలుస్తుంది? ఏసీటీహెచ్ తక్కువ అని కాగితం వస్తుంది. దాన్ని నమ్మితే, గడ్డ ఛాతీలో ఉన్న మనిషికి అడ్రినల్ గ్రంథి వైపు వెతుకులాట మొదలవుతుంది. దూరాభారమైనా సరే, ఈ ఒక్క పరీక్షకూ ఆ సౌకర్యం ఉన్నచోటికే మనిషి వెళ్లి రక్తం ఇవ్వడం మేలు.

ఏసీటీహెచ్ ఎక్కువుందని తేలింది. పంపుతున్నది పిట్యూటరీయా, వేరే ఏదన్నానా? మొత్తం ప్రయాణంలో కష్టమైన మలుపు ఇదే. ముందు స్కాన్ ఎందుకు వద్దో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఏ జబ్బూ లేని వందమందికి మెదడు ఎమ్మారై తీస్తే, దాదాపు పదిమందిలో పిట్యూటరీ మీద ఏదో ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చలు ఏ హానీ చెయ్యవు. మన రైతుకూ అలాంటి నాలుగు మిల్లీమీటర్ల మచ్చ ఉందనుకుందాం. హార్మోను పరీక్షలు లేకుండా ఆ ఫిల్మును చూస్తే, ఎవరికైనా ఏమనిపిస్తుంది? ‘దొరికింది’ అనిపిస్తుంది. ముక్కులోంచి వెళ్లి మెదడు కింద ఆపరేషన్ చేస్తారు. మనిషి లేస్తాడు, కార్టిసాల్ అలాగే ఉంటుంది. గడ్డ ఛాతీలో హాయిగా ఉంటుంది. ఇలాంటి పొరపాటు కథలు ప్రపంచ వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి.

దీన్ని తప్పించడానికి ఒక సూక్ష్మమైన పరీక్ష ఉంది. గజ్జల దగ్గరి సిరల్లోంచి సన్నని గొట్టాలను పైకి పంపి, పిట్యూటరీ రక్తం దిగివచ్చే రెండు పక్కల సిరల నుంచి, చేతి సిర నుంచి ఒకేసారి రక్తం తీస్తారు. మూడింటిలో ఏసీటీహెచ్ కొలుస్తారు. తల దగ్గర చేతిలో కంటే రెండు రెట్లు, పిట్యూటరీని ప్రేరేపించే ఇంజెక్షన్ ఇచ్చాక మూడు రెట్లు ఉందంటే తాఖీదులు అక్కడివే. తల దగ్గరా చేతిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటే? మెదడును వదిలేసి ఛాతీని చూడాలి. ఈ పరీక్ష చేసే చోట్లు కొన్నే. చేసే చెయ్యి అలవాటున్నదై ఉండాలి. పొటాషియం బాగా తగ్గి, ఒళ్లు నల్లబడి, కొద్ది వారాల్లోనే మనిషి కూలిపోతుంటే, దీనికోసం ఆగే తీరిక ఉండకపోవచ్చు. అప్పుడు డాక్టర్లు నేరుగా ఛాతీ సీటీకి వెళతారు.

ఛాతీలోనూ వెతకాల్సింది ఒక్క థైమస్ నే కాదు. వేలూరు రోగుల్లో ఏడుగురికి థైమస్ లో ఉంటే, సరిగ్గా మరో ఏడుగురికి ఊపిరితిత్తుల శ్వాసనాళాల్లో గడ్డ ఉంది. మిగిలినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్, థైరాయిడ్ లో ఒక రకం క్యాన్సర్, క్లోమంలో గడ్డ కనిపించాయి. ఒకరికి ఎక్కడుందో చివరిదాకా దొరకనే లేదు. మామూలు ఎక్స్‌రేలో థైమస్ గడ్డ రొమ్ము ఎముక, గుండె నీడల్లో దాక్కుంటుంది. పలచని పొరలుగా తీసే సీటీలో దొరకవచ్చు. అప్పటికీ దొరక్కపోతే గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ ఉంది. ఇలాంటి గడ్డల కణాల మీద ఉండే గ్రాహకాలకు వెళ్లి అతుక్కునే మందును ఎక్కించి, అది ఎక్కడ వెలుగుతుందో చూస్తారు. బెంగళూరు, హైదరాబాద్, వేలూరుల్లో ఈ సౌకర్యం ఉంది. ఇంటివాళ్లు మొదటిరోజే అడిగిన ‘పెద్ద స్కాన్’ వంతు వచ్చేది ఇప్పుడు!

ఛాతీ మధ్యలో గడ్డ అనగానే మన దేశంలో ముందు గుర్తొచ్చేది క్షయ. సహజమే, ఆ చోట క్షయ గ్రంథులు మనకు కొత్త కాదు. పైగా కార్టిసాల్ ఎక్కువైనవాళ్లకు రోగనిరోధకశక్తి తగ్గి నిజంగా క్షయ కూడా రావచ్చు. అందువల్ల ఊహ మీద క్షయ మందులు మొదలుపెట్టి నెలలు గడపకుండా ముక్క తీసి పరీక్షించడం అవసరం. పాథాలజిస్టు ఆ ముక్కకు సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే రంగు పరీక్షలు చేసి, ఇది హార్మోను జాతి గడ్డ అని చెబుతారు. కణాలు ఎంత వేగంగా విడిపోతున్నాయో లెక్కపెడతారు. ఏసీటీహెచ్‌కు కూడా రంగు పట్టిందంటే దొంగ దొరికినట్టే.

దొరికాక కూడా తొందరపడి ఆపరేషన్ బల్ల ఎక్కించరు. అంత కార్టిసాల్‌తో ఉన్న ఒంటికి గాయం మానదు, చిన్న సూక్ష్మజీవి కూడా మీదపడుతుంది. ముందు కీటోకొనజోల్ లాంటి మందులతో కార్టిసాల్‌ను దించి, పొటాషియం నింపి, షుగరును అదుపు చేస్తారు. మందులకు లొంగకపోయినా, మూలం ఎంతకీ దొరక్కపోయినా, ప్రాణం నిలపడానికి రెండు అడ్రినల్ గ్రంథులనూ తీసేయాల్సి రావచ్చు. అలాంటివాళ్లు బతికినంత కాలం మాత్రలు వాడాలి. గడ్డ చిక్కితే రొమ్ము ఎముకను తెరిచి, థైమస్ మొత్తాన్ని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో సహా తీస్తారు. శ్వాసనాళపు కార్సినాయిడ్లతో పోలిస్తే ఈ థైమస్ జాతివి మొండివి. త్వరగా పాకుతాయి, ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు. అందుకే తొందరగా కనిపెట్టడానికి ఇంత ఆరాటం.

కొందరిలో ఇది కుటుంబానికి సంబంధించిన జబ్బు. పదకొండో క్రోమోజోము మీద ‘మెన్1’ అనే జన్యువు ఉంది, దాన్ని 1997లో గుర్తించారు. అందులో లోపం ఉంటే మెడలోని పారాథైరాయిడ్, పిట్యూటరీ, క్లోమాలలో గడ్డలు వస్తాయి. కొద్దిమందికి, ముఖ్యంగా పొగతాగే మగవాళ్లకు, థైమస్ లోనూ వస్తాయి. ఇలా వచ్చేవి చాలావరకు ఏసీటీహెచ్ చెయ్యవు, కాబట్టి మొహం చూసి పట్టుకునే వీలు కూడా లేదు. పారాథైరాయిడ్ అతిగా పనిచేస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. రాళ్లు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈ జబ్బు ఉందని బెంబేలు పడనక్కర్లేదు. మన ఎండలకు, తాగే నీళ్లు చాలకపోవడానికి వచ్చే రాళ్లే ఎక్కువ. థైమస్ గడ్డ బయటపడిన మనిషి అన్నదమ్ములకు, పిల్లలకు మాత్రం ఒకసారి కాల్షియం పరీక్ష చేయించి, అవసరమైతే జన్యు పరీక్షకు పంపుతారు. లోపం ఉన్నట్టు తేలినవాళ్లకు ఒకటి రెండేళ్లకోసారి ఛాతీ చూస్తుంటారు.

మన రైతు సంగతి. ఆపరేషన్ అయ్యాక కార్టిసాల్ ఒక్కసారిగా పడిపోయింది. అది మంచి కబురే, గడ్డ పోయిందనడానికి గుర్తు. అయితే సొంత పిట్యూటరీ ఇన్నాళ్లూ మౌనంగా ఉంది, మళ్లీ పనిలో పడటానికి నెలలు పడుతుంది. అంతవరకు హైడ్రోకార్టిసోన్ మాత్రలు తప్పవు. జ్వరం వచ్చినా, పన్ను పీకించుకున్నా మోతాదు పెంచాలి. ఆ సంగతి రాసిన చీటీ జేబులో ఉండాలి. నలుపు విరుగుతుంది, ఉబ్బు దిగుతుంది. తొడల్లోకి సత్తువ రావడానికి మాత్రం ఏడాది కూడా పట్టొచ్చు.

ఇదంతా అయ్యాక, కొన్ని నెలలకు తీసిన సీటీలో రొమ్ము ఎముక వెనక ఏదో కండ మళ్లీ కనిపిస్తే? కార్టిసాల్ ఎక్కువున్నన్నాళ్లూ థైమస్ వాడిపోయి ఉంటుంది. అది తగ్గగానే, వయసులో ఉన్నవాళ్లలో, కొంచెం మిగిలి ఉన్నా ఒక్కోసారి వాన పడ్డ గడ్డిలా మళ్లీ లేస్తుంది. అది గడ్డ కాదు, కోలుకుంటున్న గ్రంథి. శ్వాసనాళంలోని గడ్డ తీయించుకుని బాగుపడ్డవాళ్లలో, థైమస్ ను ముట్టుకోనే లేదు కాబట్టి, ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలియకపోతే జబ్బు తిరగబెట్టిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, మళ్లీ కోత దాకా పోవచ్చు. అప్పుడు కూడా డాక్టరు మొదట చూసేది ఫిల్మును కాదు. ఏసీటీహెచ్ ఎంత, కార్టిసాల్ ఎంత అని అడుగుతారు. ఆ రక్తాన్నీ మంచులోనే పెట్టాలి.